ప్లాస్టిక్ తొడగని కాగితం

మా ఇంట్లో ముఖ్యమైన కాగితాల్లో ప్లాస్టిక్ తొడగనిది ఒక్కటే ఉంది. అది నా డిగ్రీ పట్టా. అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి చూసినా అదే మొదటి పట్టా. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని కాగితపు కవర్లోంచి బయటికి తీయించుకుని, రెండు చేతులతో పట్టుకుని చూసి, ఆ తర్వాత నాన్న వైపు తిరుగుతారు.

"ఏం బావా, లోకంలో అందరి కాగితాలకీ తొడుగులేస్తావు. కూతురి పట్టాని మాత్రం ఇలా గాలికొదిలేశావేం?"

నాన్న నవ్వుతాడు. "దాని కాగితం, దాని ఇష్టం" అంటాడు. అంతకు మించి చెప్పడు. చెప్పాల్సింది నేను కాబట్టి రాస్తున్నాను.

నాన్న జిరాక్స్ షాపులో పనిచేసేవాడు. షాపు వేరే ఆయనది, చేతులు నాన్నవి. మనిషి అడ్డంగా చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. ఒక మూల కాపీలు తీసే పెద్ద మిషను, బల్ల మీద లామినేషన్ మిషను, వాటి మధ్య నాన్న. ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగేదాకా ఆగి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అంచులు సమంగా చూసి, మిషన్లోకి వదిలేవాడు. మూసిన అంచు ముందు వెళ్ళాలి. తిరగేస్తే కాగితం లోపలే ముడుచుకుంటుంది. నాన్న చేతిలో ఒక్క కాగితం కూడా ముడుచుకోలేదు, ఒక్క గాలి బుడగ కూడా మిగల్లేదు. వీధిలో వాళ్ళు ఆయన్ని ప్లాస్టిక్ బాబాయ్ అనేవాళ్ళు. నాన్న దాన్ని బిరుదులాగే తీసుకున్నాడు.

ఇంట్లో అన్నిటికీ తొడుగులు రావడానికి ఒక వాన కారణం. మాది రేకుల ఇల్లు. నాకు ఐదేళ్ళప్పుడు పెట్టె మీద రేకు కారి, లోపలున్న నా పుట్టిన తేదీ సర్టిఫికెట్ తడిసి ముద్దయింది. ఇంకోటి తెచ్చుకోవడానికి నాన్న నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక చోట సంతకం పెట్టే ఆయన సెలవు, ఇంకో చోట పుస్తకం దొరకలేదు. ఆ తిరుగుడు తర్వాత నాన్న మా ఇంట్లోకి తడిసే కాగితాన్ని రానివ్వలేదు. నా సర్టిఫికెట్, అమ్మ ఆసుపత్రి కార్డు, వాళ్ళ పెళ్ళి ఫొటో, ఒకటో తరగతి నుంచి నా ప్రోగ్రెస్ కార్డులు, అన్నీ తళతళలాడేవి.

"నన్ను కూడా ఓసారి ఆ మిషన్లో పెట్టి తియ్యి. ముడతలు పోతాయి" అనేది అమ్మ. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టేది.

"నువ్వు పట్టవే" అనేవాడు నాన్న. "దానికి పెద్ద సైజు కవర్లు రావాలి."

ఎనిమిదో తరగతిలో మా లెక్కల మేడం నూట ఇరవై మందికి ఒక పరీక్ష పెట్టారు. ఐదుగురిని ఎంపిక చేశారు. ప్రత్యేక గణితం బ్యాచ్ అని స్కూల్లో కొత్తగా మొదలుపెట్టారు. వారానికి రెండు సాయంత్రాలు, బడి వదిలాక గంటన్నర పాఠం. ఆ బ్యాచ్ పూర్తి చేసినవాళ్ళనే తొమ్మిదిలో పై బ్యాచ్‌లోకి తీసుకుంటారు. పదో తరగతి తర్వాత పెద్ద కాలేజీ పరీక్షకి స్కూలు తరఫున పంపేది వాళ్ళనే. ఫీజు లేదు. పుస్తకాలు కూడా వాళ్ళే ఇస్తారు. అలాంటిది మా వరకూ రావడం అదే మొదలు. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను.

సోమవారం మధ్యాహ్నం మేడం ఐదుగురికీ తలా ఒక కాగితం ఇచ్చారు. మందపాటి కాగితం. పైభాగంలో మన పేరు, ఎంపికైనందుకు అభినందనలు అని పెద్ద అక్షరాలు, నీలం రంగు స్టాంపు. మధ్యలో చుక్కల గీత. దాని కింద చిన్న అక్షరాల్లో, తల్లిదండ్రులు సంతకం చేసి ఈ భాగాన్ని కత్తిరించి గురువారం లోపు ఆఫీసులో ఇవ్వాలి అని ఉంది. పక్కన ఒక నంబరు.

"జాగ్రత్త. పోగొట్టుకోకండి" అన్నారు మేడం. "రేపట్నించి వారం రోజులు నేను శిక్షణకి వెళ్తున్నాను. ఏదైనా ఉంటే ఆఫీసులో అడగండి."

ఇంటికొచ్చి నాన్న చేతికిచ్చాను. నాన్న చదవడం వచ్చినవాడే, కాకపోతే మెల్లగా, పెదాలు కదుపుతూ చదువుతాడు. నా పేరు చదివాడు. అభినందనలు అన్న మాట చదివాడు. అక్కడే ఆగిపోయాడు. ఆయన ముఖం అలా వెలగడం నేను అంతకు ముందు చూళ్ళేదు.

"నూట ఇరవై మందిలోనా?" అన్నాడు.

"ఆఁ. ఐదుగురం."

"ఇదిగో, విన్నావా?" అని అమ్మని పిలిచాడు. "నూట ఇరవై మందిలో ఐదుగురట!"

"నాన్నా, కింద సంతకం పెట్టాలి" అన్నాను.

"పెడదాంలే అమ్మలూ. ముందు మా ఓనరుకి చూపించాలి."

నేను ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన ఆ కాగితాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పుతుంటే చూస్తూ కూర్చున్నాను. నాకూ బాగుంది మరి.

మంగళవారం సాయంత్రం నాన్న మామూలు కంటే ముందే ఇంటికొచ్చాడు. చొక్కాలో దాచి తెచ్చినదాన్ని రెండు చేతులతో బయటికి తీశాడు. అద్దంలా మెరుస్తోంది. షాపులో ఉన్న వాటిల్లో అన్నిటికంటే మందపాటి కవరు వేశాడు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాడు.

"ఇక నీళ్ళల్లో పడ్డా చెక్కు చెదరదు" అన్నాడు. "ఓనరు కూడా చూసి, దీన్ని భద్రంగా ఉంచుకోరా అన్నాడు."

నేను కాగితం వైపు చూశాను. చుక్కల గీత ప్లాస్టిక్ లోపల ఉంది. సంతకం పెట్టాల్సిన ఖాళీ లోపల ఉంది.

"నాన్నా, సంతకం?"

"ఏ సంతకం?"

చూపించాను. నాన్న చదివాడు. ఈసారి చివరిదాకా చదివాడు. పెదాలు కదలడం ఆగాక కూడా కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి ప్లాస్టిక్ మీద సంతకం చేయబోయాడు. పెన్ను జారింది. గీత కూడా పడలేదు.

అమ్మ కంచాలు పెడుతోంది. "ఏమయింది?" అంది.

"ఏం లేదు. రేపు షాపుకి రా, అమ్మలూ. చూద్దాం" అన్నాడు నాన్న.

బుధవారం బడి వదలగానే పరిగెత్తాను. షాపులో ఎవరో మందుల చీటీలు కాపీ తీయించుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా నాన్న నా వైపు చూడలేదు. వెళ్ళాక లామినేషన్ మిషను వేడెక్కించి, నా కాగితాన్ని మళ్ళీ ఓసారి లోపలికి పంపాడు. వేడి మీద ప్లాస్టిక్ మెత్తబడుతుంది. బయటికి రాగానే బ్లేడుతో మూల దగ్గర సన్నగా గాటు పెట్టాడు.

"ఒకసారి అతికింది ఇక విడదు" అని కస్టమర్లకి చెప్పే మనిషి. అలాంటిది పళ్ళ బిగువున పొరలు లేపుతున్నాడు. నుదుటి మీంచి చెమట కారి కాగితం మీద పడబోతే తల పక్కకి తిప్పుకునేవాడు. అది ప్లాస్టిక్ మీద పడినా ఏమీ కాదని ఆయనకి తట్టలేదు.

ఒక మూల నుంచి పొర లేచింది. కాసేపు బాగానే వచ్చింది. తర్వాత కాగితమే రెండుగా చీలడం మొదలుపెట్టింది, ఉల్లి పొరలా. అక్షరాలున్న పై పొర ప్లాస్టిక్‌కి అంటుకుని పోయింది. తెల్లగా, పీచు పీచుగా కింది పొర నాన్న చేతిలో మిగిలింది. స్టాంపు అటు పోయింది. నంబరు సగం ఇటు, సగం అటు.

నాన్న బ్లేడు కింద పెట్టాడు.

"జిరాక్స్ తీద్దాం" అన్నాడు. ముక్కల్ని అద్దం మీద పేర్చి, ఒక కాపీ తీశాడు. బాగా రాలేదని ఇంకోటి. అది కూడా బాగాలేదని ఇంకోటి. ఐదో కాపీలో నంబరు కనబడింది. దాని మీద సంతకం పెట్టాడు. నాన్న సంతకం ఎప్పుడూ మెల్లగానే పెడతాడు. ఆ రోజు ఇంకా మెల్లగా పెట్టాడు. "ముక్కలు కూడా తీసుకెళ్ళు. అబద్ధం కాదని తెలుస్తుంది."

"నువ్వు రావా?"

"రేపు ఓనరు ఉండడు. షట్టరు దించి రాలేను. నువ్వు చెప్పగలవులే. నూట ఇరవై మందిలో ఐదుగురిలో ఒకదానివి."

గురువారం పొద్దున ఆఫీసు తెరవకముందే గుమ్మం దగ్గర నిలబడ్డాను. గుమాస్తా వచ్చి, కుర్చీ దులుపుకుని, అద్దాలు పెట్టుకుని, నా ముక్కల్ని బల్ల మీద పరిచి చూశాడు.

"ఇదేంటమ్మా, పాము కుబుసంలా ఉంది?"

చెప్పాను. ఆయన నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు. "లామినేషన్ చేయించాడా! భలే మనిషి మీ నాన్న. ఇంకా నయం, ఫ్రేమ్ కట్టించలేదు."

"కాపీ మీద సంతకం ఉందండీ."

"కాపీ చెల్లదు. స్టాంపు నీలంగా ఉండాలి. నల్లగా ఉంటే నేను పైకి పంపితే వెనక్కొస్తుంది."

"ఇంకో కాగితం ఇస్తారా అండీ?"

"మనిషికొకటే. నంబరుంది చూశావా? మేడం వచ్చాక ఆవిడనే అడుగు."

"మేడం వచ్చేది మంగళవారం అండీ. ఇవాళే ఆఖరు."

"మరి అదే కదా నేననేది" అని ఆయన వేరే ఫైలు తీశాడు.

అడగందే అమ్మైనా పెట్టదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఇంట్లోనే అంటుంది. బయట మాత్రం అమ్మ ఎవర్నీ ఏదీ అడగదు, ఫ్యాక్టరీలో మంచినీళ్ళు కూడా. నేను అడిగాను. లేదన్నారు. రెండోసారి అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఆ మధ్యాహ్నం సైన్సు పాఠం మధ్యలో ప్యూన్ క్లాసులోకి వచ్చాడు. నా పక్క బెంచీలో డాక్టరమ్మ గారి అమ్మాయి ఉండేది. ఐదుగురిలో ఆ అమ్మాయీ ఒకతి. ముందు రోజు తన సంచిలో పళ్ళరసం సీసా ఒలికి, పుస్తకాలతో పాటు ఆ కాగితం కూడా పాడైపోయింది. ప్యూన్ కొత్త కాగితం ఇచ్చి, "మీ అమ్మగారు ఫోన్ చేశారట. రేపిచ్చినా పర్వాలేదని ఆఫీసులో అన్నారు" అని చెప్పి వెళ్ళాడు.

ఆ అమ్మాయి దాన్ని బెంచీ మీద పెట్టింది. నీలం స్టాంపు. పాత నంబరే. దాని పక్కన చేత్తో చిన్నగా రెండు అని వేసి ఉంది. అంతే. పెన్నుతో ఒక అంకె వేస్తే సరిపోయేది.

బడి వదిలాక మళ్ళీ ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. గుమాస్తా ఫోన్లో ఎవరితోనో "అలాగే మేడమ్, తప్పకుండా మేడమ్" అంటున్నాడు. నాన్న చేత ఫోన్ చేయిస్తే? ఆలోచించాను. నాన్న ఫోన్లో మొట్టమొదట ఏమంటాడో నాకు తెలుసు. "తప్పు మాదేనండీ" అంటాడు. ఆ మాట అన్నాక అవతలివాళ్ళకి ఇక చేయాల్సింది ఏముంటుంది? గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగాను.

ఆ సాయంత్రం నాన్న షాపు నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, "తీసుకున్నారా?" అన్నాడు.

ఆయన కుడిచేతి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. బ్లేడు కోసుకున్న చోట.

"తీసుకున్నారు నాన్నా" అన్నాను.

"అమ్మయ్య" అని గడప మీదే కూలబడ్డాడు. "నా చేతులతో నేనే పాడుచేశానేమోనని పొద్దుట్నించీ ముద్ద దిగలేదే."

ఆ మాట విన్నాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

మంగళవారం మేడం వచ్చారు. వెళ్ళి అడిగాను. "అయ్యో, నీ కాగితం రాకపోతే మీవాళ్ళే వద్దన్నారేమో అనుకున్నాను" అన్నారు. "జాబితా పైకి వెళ్ళిపోయిందమ్మా. వచ్చే ఏడాది చూద్దాం." వచ్చే ఏడాది బ్యాచ్ ఈ ఏడాది చేసినవాళ్ళకేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. గంట కొట్టారు.

ఆ రోజు నుంచే క్లాసు మొదలు. ఆ రోజు నుంచే నేను క్లాసుకి వెళ్తున్నట్టు ఇంట్లో లెక్క. అమ్మ మంగళవారం, శుక్రవారం నా సంచిలో రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టేది. "పెద్ద లెక్కలకి బుర్ర వేడెక్కుతుందట. ఖాళీ కడుపుతో చెయ్యకు" అనేది. బడి వదలగానే ఇంటికి పోవడానికి లేదు. షాపు బడి దారిలోనే ఉంది. వీధిలో తిరిగితే ఎవరో ఒకరు చూస్తారు. అందుకని బడిలోనే మెట్ల కింద కూర్చున్నాను.

ఆ మెట్ల కింద విరిగిన బెంచీలు, రెండు బకెట్లు, చీపుర్లు ఉండేవి. మెట్లెక్కగానే మొదటి గది మేడం గది. కిటికీ తెరిచి ఉంటే మాటలన్నీ కిందికి వచ్చేవి. మొదటి రోజు ఊరికే కూర్చున్నాను. రెండో రోజు నోటుపుస్తకం తీశాను.

మాటలైతే వినబడేవి, బోర్డు కనబడేది కాదు. "ఇక్కడి నుంచి ఇక్కడికి ఒక గీత" అనేవారు మేడం. ఎక్కడి నుంచి? "ఇప్పుడు ఈ కోణం చూడండి." ఏ కోణం? నలుగురూ "ఆఁ" అనేవాళ్ళు. నేను పేజీకి ఎడమ పక్క విన్న మాటలు రాసి, కుడి పక్క బొమ్మకి చోటు వదిలేదాన్ని. ఇంటికెళ్ళాక ఆ బొమ్మ ఏమై ఉంటుందో ఊహించి గీసేదాన్ని. పోనుపోను సుద్దముక్క చప్పుడు అర్థమవడం మొదలైంది. గీతైతే ఒక్క లాగు. కోణమైతే రెండు. వృత్తమైతే చప్పుడు ఆగకుండా గుండ్రంగా తిరిగి, మొదలైన చోటుకి వచ్చి ఆగేది. గీసింది అర్థమయ్యేది, ఎక్కడ గీశారో తెలిసేది కాదు.

అక్కడ నాతో మాట్లాడింది ఒక్క ఆయానే. చీపురు కోసం వచ్చి, మొదటిసారి దయ్యాన్ని చూసినట్టు ఉలిక్కిపడింది.

"ఏమే పిల్లా! ఇక్కడేం చేస్తున్నావ్?"

"చదువుకుంటున్నా."

"ఇంట్లో చోటు లేదా?"

"లేదు."

అది నిజమే కాబట్టి ఆవిడ నమ్మింది. తర్వాత్తర్వాత నేను కూర్చునే చోటు ముందే ఊడ్చి ఉంచేది. "కాళ్ళెత్తు మహారాణీ, చీపురు వస్తోంది" అనేది. ఒక రోజు అడిగింది, "ఇవాళ పైన ఏం చెబుతోంది మీ మేడం?"

"వృత్తాల గురించి."

"అంటే?"

"గుండ్రంగా ఉండేవి."

"గుండ్రంగా ఉండేదానికి గంటన్నర దేనికే? చపాతీ చేసేదానికి కూడా అంత పట్టదు."

నవ్వాను. నవ్వు పైకి వినబడుతుందేమోనని నోరు మూసుకున్నాను.

ఒకసారి మేడం పాఠం అయ్యాక నేను లేచేలోపే కిందికి దిగారు. నలుగురూ ఆవిడ చుట్టూ ఏదో నవ్వుకుంటూ దిగారు. మేడం నన్ను చూసి, "ఎవరి కోసమమ్మా?" అన్నారు.

"నాన్న కోసం మేడం."

"చీకటి పడుతోంది. జాగ్రత్త" అని వెళ్ళిపోయారు. నోటుపుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది. ఆవిడ చూడలేదు. చూస్తే బాగుండని అనుకున్నానో, చూడకపోతే బాగుండని అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఇంట్లో నాన్న రోజూ అడిగేవాడు, "ఇవాళ ఏం చెప్పారు?" విన్నది చెప్పేదాన్ని. ఆయనకి అర్థమయ్యేది కాదు. అయినా తల ఊపుతూ వినేవాడు. షాపులో ఆయనకి ఒక కొత్త అలవాటు వచ్చింది. ఎవరు లామినేషన్‌కి వచ్చినా, మిషన్లో పెట్టే ముందు ఆగి అడిగేవాడు. "సంతకాలన్నీ అయ్యాయా? ఓసారి చూసుకోండి. తర్వాత ఏమీ చెయ్యలేం." కొందరు విసుక్కునేవాళ్ళు. అయినా అడిగేవాడు.

ఏడాది చివర ఆ బ్యాచ్ వాళ్ళకి సర్టిఫికెట్లు ఇస్తారని నాన్నకి ఎలాగో తెలిసింది. అన్నిటికంటే మందపాటి కవరు ఒకటి విడిగా తీసి, డబ్బా అడుగున దాచాడు. "నీ దానికే" అన్నాడు. "ఈసారి సంతకాలన్నీ చూశాకే."

నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఏం చెప్పాలో ఇంకా దొరకలేదు. మేడం సెలవులో ఉన్నారని చెప్పాలా? ప్రింటు రాలేదని చెప్పాలా? ప్రింటంటే నాన్న షాపులోనే వేస్తానంటాడు.

ఒక ఆదివారం పొద్దున నేను షాపులోనే ఉన్నాను. సెలవు రోజుల్లో కాగితాలు సర్దిపెట్టడానికి వెళ్ళేదాన్ని. కౌంటరు మీద నా నోటుపుస్తకం తెరిచి ఉంది. మూడు నెలలుగా తేలని ఒక లెక్క. "ఈ బిందువు నుంచి వృత్తాన్ని తాకేలా రెండు గీతలు. రెండూ సమానం" అని మేడం చెప్పడం విన్నాను. వృత్తం గీశాను, లోపల బిందువు పెట్టాను, రెండు గీతలు లాగాను. స్కేలుతో కొలిస్తే సమానం కావు. బిందువు మార్చి గీశాను. కావు. సరిగ్గా మధ్యలో పెడితే తప్ప కావు. నాకు బుర్ర లేదేమో, ఐదుగురిలో నన్ను పొరపాటున రాశారేమో అని అప్పుడప్పుడూ అనిపించేది.

షాపు ముందు కారు ఆగింది. డాక్టరమ్మ గారు, వెనకే ఆ అమ్మాయి దిగారు. ఆవిడ చేతిలో ఒక ఫోల్డరు.

"ఇది లామినేషన్ చేయాలండీ" అన్నారు ఆవిడ.

నాన్న సర్టిఫికెట్ తీసి చూశాడు. స్కూలు పేరు, ప్రత్యేక గణితం బ్యాచ్. ముఖం విప్పారింది. "సంతకాలన్నీ అయ్యాయా అమ్మా? ఓసారి చూసుకోండి."

"అయ్యాయండీ."

"మా అమ్మాయి కూడా ఈ బ్యాచే" అంటూ నాన్న మిషను వేడెక్కించాడు. "అమ్మలూ, నీకింకా ఇవ్వలేదేం?"

ఆ అమ్మాయి అప్పటికే కౌంటరు మీద నా పుస్తకం చూస్తోంది. పేజీ తన వైపుకి తిప్పుకుంది.

"ఏయ్, ఇది మా క్లాసులో చెప్పిందే. నీ దగ్గరికెలా వచ్చింది?" అంది. దాని గొంతులో ఏ దురుద్దేశమూ లేదు. "బొమ్మ తప్పు గీశావ్. బిందువు లోపల కాదు, బయట పెట్టాలి. వృత్తం బయట. చూడు." నా పెన్సిలు తీసుకుని వృత్తం బయట ఒక చుక్క పెట్టి, అక్కణ్ణించి రెండు గీతలు లాగింది. రెండూ వృత్తాన్ని అటూ ఇటూ తాకి ఆగాయి. స్కేలుతో పనిలేదు, కంటికే తెలుస్తోంది. సమానం.

పచ్చ లైటు వెలిగింది. నాన్న సర్టిఫికెట్‌ని కవర్లో పెట్టాడు. అంచులు సరిచూశాడు. మూసిన వైపు ముందుకి తిప్పాడు. మిషన్లోకి వదిలి, అవతలి వైపు చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అది మెల్లగా, వేడిగా, ఒక్క బుడగ లేకుండా బయటికి వచ్చింది. మూలలు గుండ్రంగా కత్తిరించి, గుడ్డతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు.

"బాగా చేశారండీ" అన్నారు డాక్టరమ్మ గారు.

"సంతోషమమ్మా" అన్నాడు నాన్న.

కారు వెళ్ళిపోయింది. నాన్న స్విచ్చి ఆపాడు. ఎర్ర లైటు కూడా ఆరిపోయింది. మిషను చల్లబడేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది. అది ఆగాక నాన్న నా వైపు తిరిగాడు.

"మరి ఆ సాయంత్రాలు ఎక్కడ కూర్చునేదానివి?" అన్నాడు.

"మెట్ల కింద."

"దోమలుంటాయి కదే."

"ఉంటాయి."

నాన్న గోడ వైపు తిరిగి, సర్దే ఉన్న కాగితాల కట్టని మళ్ళీ సర్దాడు. వీపు కనబడుతోంది. చాలాసేపు సర్దాడు. తర్వాత కౌంటరు దగ్గరికి వచ్చి నా నోటుపుస్తకం తీసుకున్నాడు. మొదటి పేజీ నుంచి తిప్పాడు. ఎడమ పక్క మాటలు, కుడి పక్క బొమ్మలు. పెదాలు కదుపుతూ రెండు మూడు పేజీలు చదివాడు. అర్థమై ఉండదు. చదివాడు మాత్రం.

"ఇదంతా విని రాసిందేనా?"

"ఆఁ."

డబ్బా అడుగు నుంచి దాచిపెట్టిన కవరు తీశాడు. పుస్తకంలోంచి ఆ వృత్తం పేజీని, చింపనా అన్నట్టు, రెండు వేళ్ళతో పట్టుకుని నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లోకి అంతకు ముందెప్పుడూ అంత సూటిగా చూళ్ళేదు నేను.

"వద్దు నాన్నా" అన్నాను. "అన్నీ ఇంకా దిద్దుకోవాలి."

నాన్న పేజీ వదిలేశాడు. కవర్ని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత పెట్టాడు.

"సరే. అయ్యాక చెప్పు" అన్నాడు.

నేను పెన్సిలు తీసుకుని ముందు పేజీకి తిప్పాను. అందులోనూ ఒక బిందువు ఉంది. దాన్ని చెరిపి, ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. వీధిలోంచి ఎవరో ఒక కాగితం పట్టుకుని లోపలికి వచ్చారు.

"సంతకాలన్నీ అయ్యాయా?" అన్నాడు నాన్న.